అక్రోటు చెట్టు కింద గొయ్యి

దోబ్రినా పెరట్లో అక్రోటు చెట్టు కింద ఒక గొయ్యి ఉండేది. అది ఆమె తవ్వుకున్నది కాదు, ఊరు తవ్వింది. పుట్టని బిడ్డ శవం కోసం తవ్వింది. కాలు జారి ఎవరూ పడకుండా పైన ఒక పాత తలుపు చెక్క వేసి, ఏడాది పొడుగునా దాన్ని అలాగే ఉంచింది దోబ్రినా. "పూడ్చుకోరాదటే?" అని అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటే జవాబు: "తవ్వినవాళ్ళు పూడుస్తారు."

గోర్నా రాకితా అనే ఆ ఊళ్ళో ఊరుమ్మడి రొట్టెల పొయ్యి ఆమెదే. ఆమెదంటే ఆస్తి కాదు, చాకిరీ. తల్లి చేతిలోని పొడుగాటి తెడ్డు నేరుగా ఆమె చేతికొచ్చింది. మనిషి గట్టిది, మాట పెళుసు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కోడి కూయకముందే లేచి పిండి పిసికేదాని పక్కన ఏ మగాడికి నిద్ర పడుతుంది?" అని నవ్వేసేది. ఊళ్ళో ఏ ఆడది కన్నా, ఆ పూటే బాలింత ఇంటికి మెత్తటి రొట్టె వెళ్ళాలి. నలుగురు ఆడవాళ్ళు దాన్ని చేత్తో తుంచి తినాలి. ఆ రొట్టె దోబ్రినా చేతిదే. ఊళ్ళో ఇవాళ బడికెళ్తున్న పిల్లలందరి పుట్టుకకీ రొట్టె కాల్చిన మనిషి ఆవిడ. ఆ సంగతి ఊరు ఎంత తేలిగ్గా మరిచిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తల్లి పోయిన ఏడాది ఆమెకి పొయ్యిలోంచి గొంతులు వినబడటం మొదలైంది. పిండిలో విషం కలిసిందన్నాయి. ఊరి ప్రాణాలు కాపాడాలని దోబ్రినా ఆ రోజు కాల్చిన రొట్టెలన్నీ ఏట్లో పారేసి, ఒడ్డున కూర్చుని ఏడ్చింది. పట్నం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని, మాత్రలిచ్చి పంపారు. ఆ మాత్ర పనిచేసింది, అదీ న్యాయంగా చెప్పుకోవాలి. గొంతులు పోయాయి. పొయ్యి మళ్ళీ పొయ్యిలాగే చిటపటలాడింది. ఆ రోజు నుంచి ఆమె తిండి మానితే మానేది గాని మాత్ర మానలేదు. పొద్దున్నే పెరుగు తాగి మాత్ర వేసుకుని, అప్పుడు రొట్టెల కొట్టు తలుపు తీసేది.

కొన్నేళ్ళు గడిచాక ముందు నెలసరి ఆగింది. ఇంకా నలభై రాలేదు, అప్పుడే ఉడిగిపోయిందా అనుకుంది. తరవాత ఒళ్ళొచ్చింది. రొట్టెల కొట్లో పనిచేసేవాళ్ళు సన్నగా ఎక్కడుంటారులే అనుకుంది. ఆ తరవాత, ద్రాక్షతోటలన్నీ ఖాళీ అయిన రోజుల్లో ఒకనాడు, తొట్టి మీద వంగి పిండి పిసుకుతుంటే రవిక ముందు భాగం తడిసింది. చెమటనుకుని తుడుచుకుంది. మళ్ళీ తడిసింది. గదిలోకెళ్ళి గుండీలు విప్పి చూసుకుంటే పాలు. ఒంటరి ఆడది, మగాడి నీడైనా పడని ఒళ్ళు, అందులోంచి పాలు. తిరిగొచ్చి పొయ్యి ముందు నిలబడినా ఆమెకి చలేసింది. "గొంతులు నా కళ్ళలోకి వచ్చి దూరాయా?" అనుకుంది. కానీ పాలు వేలికి అంటుకున్నాయి, నాలిక మీద తియ్యగా తగిలాయి. కల కాదు.

అప్పుడు చెయ్యాల్సిన పనే చేసింది. బస్సెక్కి పట్నం ఆసుపత్రిలో తనకి మాత్రలు రాసే డాక్టరు గానెవ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది.

డాక్టరు తలెత్తలేదు. "మీరు గర్భవతినని అనుకుంటున్నారా?" అన్నాడు.

"లేదండీ. గర్భం ఎలా వస్తుంది? పాలొస్తున్నాయి అంటున్నాను."

"మీకు పాలొస్తున్నాయని ఎవరైనా చెప్పారా? గొంతులేవైనా?"

"గొంతులు కాదు డాక్టరుగారూ, రవిక చెప్పింది. తడిసిపోతుంటేనూ!"

"ఊఁ," అని ఏదో రాసుకున్నాడు. చూడలేదు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, గది తలుపు వేసే ఉంది, నర్సు పక్కనే ఉంది. ఒక్కసారి గుండీ విప్పమని అడిగితే అయిపోయేది. అడగలేదు. మాత్రలు సరిగ్గా మింగుతోందో లేదో చూడాలని నెత్తురు మాత్రం తీయించాడు.

ఆమె మళ్ళీ వెళ్ళేసరికి నెత్తురు పరీక్ష వచ్చింది. డాక్టరు ఈసారి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మీ నెత్తుట్లో మందు ఉండాల్సినంత లేదు. మాత్రలు పారేస్తున్నారన్నమాట."

"అయ్యో దేవుడా! నేనా? ఒక్క పూట మానలేదండీ."

"నెత్తురు అబద్ధం చెప్పదమ్మా."

"అంటే నేను చెబుతాననా?"

ఆయన మందుల చీటీ ముందుకు లాక్కున్నాడు. మోతాదు పెంచి, ఇకనుంచి పంచాయతీ నర్సు ముందు మింగాలన్నాడు. దోబ్రినా నర్సు ముందే మింగింది, నోరు తెరిచి నాలిక ఎత్తి చూపించింది. మోతాదు పెరిగాక పాలూ పెరిగాయి. రవికలో గుడ్డలు మడిచి పెట్టుకుని రొట్టెలు అమ్మాల్సి వచ్చింది.

గుడ్డలు ఎంతకని ఆపుతాయి? ఒకరోజు ఎదురింటి పావ్లీనా రొట్టె కోసం వచ్చి, దోబ్రినా పైబట్ట మీద రెండు తడి మచ్చలు చూసింది. పావ్లీనా ముగ్గుర్ని కన్నది, ఆ మచ్చలు ఎలాంటివో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. రొట్టె తీసుకుని వెళ్ళింది. ఆ సాయంత్రానికే చెవులు కొరుక్కోవడం మొదలు. ఒళ్ళు ఎప్పుడొచ్చింది, పెద్ద కోటు ఎప్పటినుంచి వేసుకుంటోంది, వారం రోజులు జ్వరమని కొట్టు ఎప్పుడు మూసింది, అన్నీ ఒక్కొక్కటే తవ్వి తీశారు. లెక్క సరిపోయింది. సరిపోకుండా ఎక్కడికి పోతుంది, అందరూ కలిసి లాగుతుంటే!

జనవరిలో మంత్రసాని పండగ వచ్చింది. ఊళ్ళో బిడ్డల్ని కన్న ఆడవాళ్ళంతా ఆ రోజు మంత్రసాని దెష్కా అవ్వ ఇంట్లో చేరతారు. అవ్వ చేతుల మీద నీళ్ళు పోసి, సబ్బూ తువ్వాలూ ఇచ్చి, ముద్దు పెట్టుకుంటారు. ఆపైన తాగుడు, పచ్చి బూతుపాటలు, వీధిలో మగాడు కనబడితే టోపీ లాక్కుని జరిమానా వేయడం. కనని ఆడదానికి ఆ గుమ్మం లోపల చోటు లేదు. పండగ రొట్టె ఏటా దోబ్రినాయే కాల్చి తెస్తుంది, గుమ్మంలో అందించి తిరిగి వెళ్ళిపోతుంది. ఆమెకెప్పుడూ అది చిన్నతనమనిపించలేదు. ఆచారం ఆచారమే.

ఆ ఏడు రొట్టె అందించగానే పావ్లీనా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"రావే, కూర్చో. నీకూ చోటుందిగా ఇప్పుడు!"

"వదులత్తా, నేను కనలేదు."

"పాలు మాత్రం వచ్చాయా? దేవుడు నీకొక్కదానికే కానుక పంపాడా?"

ఘొల్లుమన్నారు. తాగి ఉన్నారు, నవ్వుతున్నారు, కానీ ఆ నవ్వులో ముల్లుంది. దెష్కా అవ్వ లేచి వచ్చింది. ఊళ్ళో సగం మందిని బయటికి లాగిన చెయ్యి ఆమెది. ఆ చేత్తో దోబ్రినా రవిక మీద నొక్కింది. గుడ్డ తడిసింది. నవ్వులు ఆగిపోయాయి.

"పాలే," అంది అవ్వ. "బిడ్డేదే?"

"బిడ్డ లేదవ్వా. మాత్రల వల్లనేమో అనుకుంటున్నాను. మోతాదు పెంచాకే ఎక్కువైంది."

"మాత్రలకి పాలొచ్చేట్టయితే మా ఆయన మేకకి గడ్డెందుకు వేస్తాడే, మాత్రలే వేసేవాడు!" అంది పావ్లీనా. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అవ్వ నవ్వలేదు.

"నా జన్మలో కనకుండా పాలొచ్చిన ఆడదాన్ని చూళ్ళేదు," అంది. "ఏం చేశావే దాన్ని?"

ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. దోబ్రినా వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. వీళ్ళలో ఎందరికో బాలింత రొట్టె కాల్చింది తను. రొట్టెతో తెచ్చిన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచింది.

మర్నాడు పోలీసు స్తొయిల్ గునపం పట్టుకుని వచ్చాడు. వెనక పావ్లీనా మొగుడు, ఇంకో ఇద్దరు పారలతో వచ్చారు. ఆ వెనక ఊరు.

"అక్కా, ఏమనుకోకు. ఫిర్యాదు వచ్చింది, నా పని నేను చెయ్యాలి."

"ఏమనుకోకూడదురా? చెప్పు, ఏమనుకోకుండా ఉండాలో చెప్పు!"

స్తొయిల్ నేల చూశాడు. అక్రోటు చెట్టు కింద మట్టి కొత్తగా కనబడింది. మరి చలికాలం కాదా? మంచు పడకముందు క్యారెట్లూ బీట్‌రూట్లూ గడ్డి పరిచి మట్టిలో పాతిపెట్టుకోవడం ఆ ఊళ్ళో ఏ పెరట్లో లేదు? పారలు తెచ్చిన ముగ్గురి పెరళ్ళలోనూ ఉన్నాయి. అయినా తవ్వారు. గడ్డకట్టిన నేల ఖంగు ఖంగుమంటుంటే నడుము లోతు తవ్వారు. క్యారెట్లు వచ్చాయి, బీట్‌రూట్లు వచ్చాయి, ఒక ముల్లంగి వచ్చింది. దోబ్రినా చలిలో చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంకా తవ్వండి," అంది. "కింద ఉల్లిపాయలు కూడా ఉండాలి."

ఎవరూ నవ్వలేదు. తప్పయిందని కూడా ఎవరూ అనలేదు. గొయ్యి అలాగే వదిలేసి, పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి పక్క ఊరి బండి వచ్చి ఊళ్ళో రొట్టెలు అమ్మింది. దోబ్రినా కాల్చినవి కాల్చినట్టే అరల్లో ఎండిపోయాయి.

స్తొయిల్ అక్కడితో ఆగలేదు, ఆసుపత్రికి ఫోన్ చేశాడు. డాక్టరు గానెవ్‌కి ఇంకేం కావాలి? కన్నానన్న భ్రమ ముదిరిందన్నాడు. ఆమె కన్నానని ఎన్నడన్నది? ఊరంది! ఆ చిన్న తేడా అడిగే తీరిక ఆయనకి లేదు. మనిషిని తీసుకురండి, ఆసుపత్రిలో ఉంచి, మాత్రలు పారేసే వీలు లేకుండా నెలకొకసారి పిరుదుకి పెద్ద ఇంజక్షన్ వేస్తాం అన్నాడు. రేపు బండి వస్తుందని స్తొయిల్ వచ్చి చెప్పాడు. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

ఈసారి లోపలికి వెళ్తే తన మాట ఇక ఎప్పటికీ చెల్లదని దోబ్రినాకి అర్థమైంది. ఆకలేస్తోందన్నా, కాలు నొప్పన్నా రోగమే మాట్లాడుతోందంటారు. పొయ్యి పోతుంది, తెడ్డు పోతుంది. బండి వచ్చేదాకా ఎందుకు, ఈడ్చుకెళ్ళే ముచ్చట వీళ్ళకెందుకు ఇవ్వాలి అనుకుని, మంచి గౌను వేసుకుని పొద్దున్న బస్సుకి తనే వెళ్ళింది.

గదిలో గానెవ్‌తోపాటు ఇంకో ఇద్దరు డాక్టర్లున్నారు. ఒకతను కాఫీ తాగుతున్నాడు. రెండో ఆవిడ రుసీనొవా, పక్క విభాగం నుంచి సంతకం కోసం వచ్చింది.

"కూర్చోండి," అన్నాడు గానెవ్ మెత్తగా. "బిడ్డని కన్నారా?"

"లేదు."

"మంచిది. మరి పాలు? ఇంకా వస్తున్నాయనే అంటారా?"

అరికాలి మంట నెత్తికెక్కింది దోబ్రినాకి. కూర్చోలేదు.

"అక్కడ ఊరేమో, పాలున్నాయి కాబట్టి బిడ్డ ఉంది, చంపేశావు అంటోంది. ఇక్కడ మీరేమో, బిడ్డ లేదు కాబట్టి పాలు లేవు, పిచ్చెక్కింది అంటున్నారు. మీ ఇద్దరి మధ్యా నన్ను నలిపేస్తున్నారు గాని, చూసినవాళ్ళెవరండీ? ఊరు కనీసం నొక్కి చూసింది. మీరు అదీ చెయ్యలేదు!"

"దోబ్రినా గారూ, కోపం తెచ్చుకోకండి, కోపం కూడా లక్షణమే..."

అంతే. ఆమె గుండీలు విప్పింది. కాఫీ తాగే డాక్టరు గోడ వైపు తిరిగాడు. దోబ్రినా బల్ల మీదికి వంగి, పిండి పిసికే చేత్తో ఒక్క నొక్కు నొక్కింది. బల్ల మీది అద్దం మీద తెల్లగా పాలు పడ్డాయి. పడి, నెమ్మదిగా గానెవ్ మోచేతి వైపు జారాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదీ లక్షణమేనా? రాసుకోండి," అంది దోబ్రినా.

రుసీనొవా లేచి వచ్చి, తన చేతిరుమాలుతో ఆమె రొమ్ము తుడిచి, గుండీలు తనే పెట్టింది. తరవాత గానెవ్‌ని అడిగింది. "పాల హార్మోన్ పరీక్ష చేయించారా?"

"లేదు. అవసరమనిపించలేదు."

"నెత్తుట్లో ఏం కొలిపించారు?"

"మందు. తక్కువుంది. అందుకేగా..."

"మందునే కొలిపించారా? ఒంట్లో అది దేనిగా మారుతుందో దాన్నీ కొలిపించారా?"

గానెవ్ ముందున్న కాగితాలు తిరగేశాడు. మూడో ఆయన కాఫీ పక్కన పెట్టేశాడు.

రుసీనొవా దోబ్రినా వైపు తిరిగి, అర్థమయ్యేట్టు చెప్పింది. మాత్ర మింగాక కాలేయం దాన్ని ఇంకో పదార్థంగా మారుస్తుంది, మందుకి పుట్టిన పిల్ల అనుకో అంది. తల్లి చేసే పనే పిల్లా చేస్తుంది. కొందరి కాలేయం ఈ పని మహా జోరుగా చేస్తుంది. అలాంటివాళ్ళ నెత్తుట్లో వెతికితే తల్లి కనబడదు, నిండా పిల్లే ఉంటుంది. పైగా గొంతుల్ని నొక్కే ఈ మందు, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే గ్రంథికి పగ్గం కూడా వదిలేస్తుంది. అప్పుడా గ్రంథి పాల హార్మోన్‌ని ఇష్టమొచ్చినట్టు వదులుతుంది. పాలొస్తాయి, నెలసరి ఆగుతుంది, పట్టించుకోకపోతే ఎముకలూ గుల్లబారతాయి.

"ఇంకో సంగతి," అని గానెవ్‌తో అంది. "మీరు వేద్దామనుకున్న ఇంజక్షన్‌లో ఉండేది కూడా ఆ పిల్లే. వేసి ఉంటే పాలు ఇంకా పెరిగేవి."

దోబ్రినా అన్నీ విని, ఒక్కటే అడిగింది. "ఇది కొత్తగా కనిపెట్టిన సంగతా అమ్మా?"

"కాదు. ఎప్పటినుంచో తెలుసు. మాత్రల డబ్బాలో పెట్టే కాగితం మీద కూడా ఉంటుంది."

"తెలుసా?" దోబ్రినా గానెవ్ వైపు వేలు చూపించింది. "తెలిసి కూడా ఈయన నన్ను మాత్రలు పారేసే దొంగని చేశాడా? నేను నోరు తెరిచి నాలిక చూపించానమ్మా, ఆ నర్సు పిల్ల ముందు! నా పెరట్లో పీనుగ కోసం తవ్వారు!"

"మీరు ముందే వివరంగా చెప్పి ఉంటే..." అని గొణిగాడు గానెవ్.

"చెప్పాను! ఆ కుర్చీలోనే కూర్చుని చెప్పాను!"

"మీ జబ్బులో అన్ని మాటలూ నమ్మడానికి వీలుండదు..."

"నమ్మొద్దయ్యా. ఎవరు నమ్మమన్నారు? చూడమన్నాను."

పరీక్షలో హార్మోన్ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు వచ్చింది. మందు మార్చారు. మార్చేటప్పుడు ఒక వారం పొయ్యిలోంచి చిన్న గొంతొకటి మళ్ళీ పలకరించింది. దోబ్రినా దాన్ని దాచలేదు, పరుగున వెళ్ళి రుసీనొవాకి చెప్పింది. ఆవిడ మోతాదు సర్దింది, గొంతు పోయింది. ఎండలు ముదిరేసరికి పాలు ఆగాయి. ద్రాక్షలు కోసేసరికి నెలసరి వచ్చింది. రుసీనొవా సంగతంతా పంచాయతీకి రాసి పంపింది. నర్సు ఊళ్ళో చెప్పింది. ఒక్కొక్కరే మళ్ళీ రొట్టె కోసం రావడం మొదలెట్టారు. "ఎండలు మండిపోతున్నాయి కదూ" అంటారు, "ఈసారి పిండి భలే పొంగిందే" అంటారు. తప్పయిందన్న ఆ ఒక్క మాట తప్ప అన్నీ అంటారు. దోబ్రినా రొట్టె ఇచ్చేది, జవాబు ఇచ్చేది కాదు.

మళ్ళీ జనవరి వచ్చింది. పండగనాడు పొద్దున్నే ఆడవాళ్ళంతా కుట్టుపనుల గౌనులు వేసుకుని, చెవుల వెనక పూలు పెట్టుకుని కొట్టు ముందుకొచ్చారు. ముందు పావ్లీనా, వెనక కర్ర మీద దెష్కా అవ్వ. మంత్రసాని తనే నడిచి రావడం ఊళ్ళో ఎన్నడూ లేదు.

"దోబ్రినా, ఈ ఏడు రొట్టె పట్టుకుని నువ్వు లోపలికే రా," అంది పావ్లీనా ఎక్కడలేని తీపి ఒలకబోస్తూ. "అందరం అనుకున్నాం. మాతోపాటే కూర్చో. పాతవన్నీ పోనీలే."

"ఎక్కడికి పోతాయత్తా? నా పెరట్లోనే ఉన్నాయి. రండి చూపిస్తాను."

పెరట్లోకి తీసుకెళ్ళి తలుపు చెక్క పక్కకి లాగింది. గొయ్యి ఒడ్డున, అప్పుడు తవ్విపోసిన మట్టికుప్పకి పారలు ఆనించి ఉన్నాయి. పొద్దున్నే తెచ్చి పెట్టింది.

"ఈ బట్టలతోనా?" అంది పావ్లీనా.

"నా మంచి గౌనుతోనే నేను ఆసుపత్రికెళ్ళాను."

అప్పుడే వీధిలో స్తొయిల్ కారు వచ్చింది. పండగనాడు బయటికి రావడం వాడి బుద్ధి తక్కువ. ఇద్దరు వెళ్ళి వాడి టోపీ లాక్కున్నారు. జరిమానా ఏమిటని అడిగాడు వాడు నవ్వుతూ. దోబ్రినా పార చేతికిచ్చింది. నవ్వు ఆగిపోయింది.

ముందు వంగింది దెష్కా అవ్వే. కర్ర పడేసి, ఒట్టి చేతులతో గడ్డకట్టిన మట్టి పెళ్ళ ఎత్తి గోతిలో వేసింది. ఇక ఎవరు ఆగుతారు? పావ్లీనా గొణుగుతూనే పార అందుకుంది. కుట్టుపనుల అంచులు మట్టయ్యాయి, చెవి వెనక పూలు రాలి గోతిలో పడ్డాయి. ఎవరూ పాట ఎత్తుకోలేదు. గొయ్యి నిండి నేల చదునయ్యేదాకా దోబ్రినా నిలబడే చూసింది. కిందటేడు లాగే చేతులు కట్టుకుని.

"అయింది కదే, ఇక రా," అంది పావ్లీనా రొప్పుతూ.

"నేను రాను. కన్నవాళ్ళకే ఆ గుమ్మం. నేను కన్నానా?"

పావ్లీనా పారకంటిన మట్టి రాల్చింది.

"అడుగుతున్నాను. కన్నానా?"

దెష్కా అవ్వ మట్టి చేతులు ముందుకు చాపి ఆమె మొహంలోకి చూసింది. "కనలేదే తల్లీ. నువ్వు కనలేదు. నేనే తప్పు చెప్పాను."

"కనలేదు," అంది పక్కనున్నామె. ఆ పక్కనామె కూడా అంది. స్తొయిల్ కూడా అన్నాడు. ఆఖరికి పావ్లీనా, తల దించుకుని, "కనలేదు" అంది.

దోబ్రినా కొట్లోకి వెళ్ళి, వేడి నీళ్ళ చెంబు తెచ్చి అవ్వ చేతుల మీద పోసింది, తన తువ్వాలు ఇచ్చింది. పండగ రొట్టె తెచ్చి పావ్లీనా చేతుల్లో పెట్టింది. తరవాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పొయ్యిలో రెండో వాయి మాడిపోతోంది.